బేస్ గిటార్‌కు ఇంట్లోనే విడిభాగాలు: విశాఖలో దొరికే సరుకుతో చేసుకునే విధానం

విశాఖపట్నంలో బేస్ గిటార్ కొనడం కష్టం కాదు, తీగలు తెప్పించుకోవడమూ కష్టం కాదు. చిక్కంతా చిన్న విడిభాగాల దగ్గర వస్తుంది. అరిగిపోయిన నట్ (నెక్, అంటే మెడ, పై చివర తీగలు ఆనే చిన్న పట్టీ), విరిగిన నాబ్, పగిలిన పిక్‌గార్డు (బాడీ మీద బిగించే రక్షణ పలక) వంటివి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, వచ్చిన వస్తువు మన గిటార్ కొలతకు సరిపోతుందన్న నమ్మకం ఉండదు. మరోవైపు ఇదే నగరంలో గాజువాక ఆటోనగర్‌లో ఇత్తడిని, ఉక్కును కొలతకు తగ్గట్టు తిప్పి ఇచ్చే లేత్ షాపులు ఉన్నాయి. వడ్రంగుల దగ్గర టేకు తునకలు, నేమ్‌బోర్డులు చేసేవారి దగ్గర యాక్రిలిక్ ముక్కలు మిగులుతూ ఉంటాయి. కాస్త ఓపిక ఉంటే ఈ సరుకుతోనే మంచి భాగాలు చేసుకోవచ్చు. వాటిని ఏ క్రమంలో, ఏ కొలతలతో చేసుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

ఏది చేసుకోవచ్చు, ఏది చేసుకోకూడదు

ఒక భాగాన్ని ఇంట్లో చేయాలనుకున్నప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న, అది ఏ భారం మోస్తుంది అన్నది. 34 అంగుళాల స్కేలు (నట్ నుంచి బ్రిడ్జి వరకు తీగ మోగే పొడవు) ఉన్న నాలుగు తీగల బేస్‌ను మామూలు శ్రుతిలో బిగిస్తే, నాలుగు తీగలూ కలిసి నెక్‌ను సుమారు 70 నుంచి 80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడును నేరుగా మోసే ట్యూనింగ్ పెగ్‌లు, ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే కడ్డీ), బ్రిడ్జిని (బాడీ మీద తీగల రెండో చివర ఆనే భాగాన్ని) బాడీకి పట్టి ఉంచే మరలు ఇంట్లో తయారు చేయవలసినవి కావు. వాటిని కొనాలి. తీగ ఆనుకుని ఉండే నట్, నెక్ కింద పెట్టే షిమ్ (సన్నని పలక) వంటివి రెండో తరగతి. ఇవి నొక్కుడును మాత్రమే మోస్తాయి కాబట్టి, సరైన పదార్థంతో జాగ్రత్తగా చేస్తే కొన్నవాటికి తీసిపోవు. ఏ భారమూ మోయని షీల్డింగ్ (బయటి విద్యుత్ శబ్దాన్ని అడ్డుకునే రేకు), నాబ్‌లు, పిక్‌గార్డు, థంబ్ రెస్టు (బొటనవేలు ఆనించే ముక్క), మ్యూటు (నాదాన్ని త్వరగా ఆపే మెత్తని పట్టీ) మూడో తరగతి. కొత్తగా పని నేర్చుకునేవారు ఈ మూడో తరగతితోనే మొదలుపెట్టడం మంచిది.

మరొక నియమం కూడా పెట్టుకోవాలి. చేసిన ప్రతి మార్పునూ వెనక్కి తీసుకునే వీలు ఉండాలి. బొబ్బిలి వీణలో మెట్లను మైనంలో కూర్చడం మన ప్రాంతం వారికి తెలిసిన పనే. మైనాన్ని వేడి చేస్తే మెట్టు కదులుతుంది, శ్రుతి సరిచూసి మళ్లీ కూర్చవచ్చు. గిటార్ విషయంలోనూ అదే పద్ధతి పాటించాలి. బాడీ చెక్కను తొలవడం, నెక్ అడుగును చెక్కడం, పాత భాగాన్ని కోసి కొత్తదానికి చోటు చేయడం వంటి పనులకు పూనుకోకూడదు. చెక్కను ఒకసారి తీసేస్తే తిరిగి పెట్టలేము.

కొలతలు తీసుకోవడం

తీగలు విప్పకముందే కొలతలన్నీ ఒక పుస్తకంలో రాసుకోవాలి. వెర్నియర్ కాలిపర్స్, స్టీలు స్కేలు, మల్టీమీటరు ఈ పనికి సరిపోతాయి. నట్ పొడవు, మందం, ఎత్తు, పన్నెండో ఫ్రెట్ (నెక్ మీది లోహపు మెట్టు) దగ్గర ఒక్కొక్క తీగ ఎత్తు, బ్రిడ్జి శాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కొక్క తీగ ఆనే ముక్క) ఒక్కొక్కటి ఎంత పైకి ఉన్నది, పాట్‌ల (నాబ్‌ల కింద ఉండే వాల్యూమ్, టోన్ నియంత్రణల) విలువలు, వైర్లు ఏ కాలికి అతికి ఉన్నాయన్నది రాసుకుని, ఫోన్‌తో ఫొటోలు కూడా తీసి పెట్టుకోవాలి. నెక్ వంపు కూడా ఇప్పుడే చూడాలి. మొదటి ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కి పట్టినప్పుడు, ఏడో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య దాదాపు 0.3 మి.మీ. సందు ఉండాలి. అది మరీ ఎక్కువగా ఉన్నా, అసలు లేకపోయినా ముందు ట్రస్ రాడ్‌ను సరిచేయాలి. నెక్ వంపు సరిగా లేకుండా నట్ చేయడం వృథా, ఎందుకంటే వంపు మారిన మరుక్షణం నట్ ఎత్తు లెక్క తప్పుతుంది.

నట్ తయారీ

ఇంట్లో చేసుకునే భాగాలన్నిటిలో నట్‌కే ఎక్కువ శ్రద్ధ కావాలి, ఫలితం కూడా దానిలోనే ఎక్కువగా వినిపిస్తుంది. చౌక గిటార్లలో వచ్చే బోలు ప్లాస్టిక్ నట్‌ను తీసి గట్టి పదార్థంతో చేసినది పెడితే, నొక్కకుండా మీటిన తీగల నాదంలో స్పష్టత వస్తుంది.

పదార్థాలు మూడు ఉన్నాయి. మొదటిది గేదె తొడ ఎముక. మాంసం దుకాణంలో అడిగి తెచ్చుకుని, మూలుగు తీసివేసి, సబ్బు నీటిలో సన్నని సెగ మీద కొద్దిసేపు మరిగించి, మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి, నీడలో కొన్ని వారాలు ఆరనివ్వాలి. ఎక్కువసేపు మరిగిస్తే ఎముకను పట్టి ఉంచే జిగురు పదార్థం కరిగిపోయి అది పెళుసవుతుంది. బ్లీచింగ్ పౌడరు వాడినా అదే నష్టం. రెండోది వంటగది గట్లకు వేసే కోరియన్ వంటి సాలిడ్ సర్ఫేస్ పలక. గట్టు బిగించేవారి దగ్గర మిగిలే తునక ఒకటి చాలు, పది నట్‌లు వస్తాయి. గిబ్సన్ గిటార్లలో కోరియన్ నట్‌లు వచ్చిన కాలం ఉంది కాబట్టి దీన్ని తక్కువగా చూడవలసిన పని లేదు. మూడోది ఇత్తడి. దాని నాదం మెరుపుగా ఉంటుంది, కానీ గాడి తీయడం శ్రమ, పొరపాటు జరిగితే పూడ్చడం దాదాపు అసాధ్యం. మొదటిసారి చేసేవారికి నేను కోరియన్ తునకనే సూచిస్తాను. ఎముకకు దుర్వాసన, దుమ్ము ఉంటాయి, ఇత్తడి తప్పును క్షమించదు. ఏది రుద్దినా ముక్కుకు మాస్కు తప్పనిసరి.

పాత నట్ చుట్టూ ఉన్న వార్నిష్‌ను బ్లేడుతో గీసి విడదీసిన తరువాత, చిన్న చెక్కముక్కను ఆనించి మెల్లగా తట్టితే అది ఊడి వస్తుంది. ఫెండర్ కంపెనీ తరహా నెక్‌లలో నట్ కూర్చునే గాడి వెడల్పు సాధారణంగా 3.2 మి.మీ. ఉంటుంది. కొత్త ముక్కను అంతకంటే కొంచెం మందంగా కోసి, అద్దం పలక మీద పరిచిన ఎమెరీ పేపరుపై రుద్దుతూ గాడిలో వేలితో నొక్కితే దిగేంత వరకు తేవాలి. సుత్తితో కొట్టవలసి వస్తే ముక్క ఇంకా మందంగా ఉందని అర్థం. అలా కొట్టి దించితే గాడి అంచు చీలుతుంది.

తరువాత తీగల స్థానాలు గుర్తించాలి. బేస్ తీగల మందాల్లో తేడా ఎక్కువ కాబట్టి, తీగల మధ్యబిందువుల దూరాలను సమానం చేస్తే లావు తీగలు దగ్గరగా, సన్న తీగలు దూరంగా ఉన్నట్టు వేలికి తోస్తుంది. అందుకని తీగల మధ్య ఖాళీలను సమానం చేయాలి. 45–105 సెట్టులో (ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు) తీగల మందాలు 1.14, 1.65, 2.16, 2.67 మి.మీ.; వీటి మొత్తం 7.62. నట్ పొడవు 38 మి.మీ. అయితే, రెండు అంచుల దగ్గర మూడేసి మి.మీ. వదిలాక 32 మిగులుతుంది. అందులోంచి 7.62 తీసివేసి మూడుతో భాగిస్తే ఒక్కొక్క ఖాళీ 8.13 మి.మీ. వస్తుంది. లావు తీగ వైపు అంచు నుంచి కొలిస్తే, గాడి మధ్యబిందువులు వరుసగా 4.3, 14.9, 24.9, 34.4 మి.మీ. దగ్గర పడతాయి. మీ నట్ పొడవు వేరైతే ఇదే పద్ధతిలో లెక్క కట్టుకోవచ్చు.

గాడులు తీయడానికి అమ్మే ప్రత్యేక ఆకురాళ్ల ధర ఎక్కువ. వాటి బదులు గ్యాస్ వెల్డింగ్ సామాను దుకాణంలో దొరికే టిప్ క్లీనర్ సెట్టు వాడవచ్చు. రకరకాల మందాల్లో గరుకు తీగలు ఉండే ఆ సెట్టు సన్న తీగల గాడులకు బాగా పనికి వస్తుంది. ముందు హాక్సా బ్లేడుతో సన్నని దారి గీసి, తరువాత దీనితో వెడల్పు చేయాలి. లావు తీగల గాడులకు పాత తీగ ముక్కనే పనిముట్టుగా మార్చుకోవచ్చు. అన్నిటికంటే లావైన ‘ఇ’ తీగ గాడి కావాలంటే దానికంటే ఒక మెట్టు సన్నదైన పాత ‘ఎ’ తీగ ముక్కకు 400 నంబరు ఎమెరీ పేపరును ఒక చుట్టు చుట్టి రుద్దితే, మొత్తం మందం దాదాపు ‘ఇ’ తీగ మందానికి వస్తుంది.

గాడి హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ పెగ్‌లు ఉండే నెక్ చివర) వైపు వాలుగా ఉండాలి. తీగ ఫ్రెట్‌బోర్డు వైపు అంచు మీదనే ఆనుకోవాలి. వాలు తిరగబడితే తీగ గాడి మధ్యలో ఎక్కడో ఆనుకుని జీరధ్వని చేస్తుంది, శ్రుతి కూడా తప్పుతుంది. లోతు చూడడానికి మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి, మొదటి ఫ్రెట్ పైన మిగిలే సందు గమనించాలి. మామూలు రాత కాగితం మందం సుమారు 0.1 మి.మీ. కాబట్టి, సన్న తీగ కింద ఒక కాగితం, లావు తీగ కింద రెండు కాగితాలు దూరితే లోతు సరిపోయినట్టే. ఆ కొలతకు దగ్గర పడుతున్నకొద్దీ నాలుగైదు సార్లు రుద్ది, తీగ బిగించి, మళ్లీ చూడాలి. ఈ దశలో తొందర పడితే చేసిన పనంతా పోతుంది. గాడి లోతు ఎక్కువైతే, అదే పదార్థపు పొడినో వంటసోడానో గాడిలో నింపి ఒక చుక్క ఫెవిక్విక్ వేస్తే క్షణాల్లో గట్టిపడుతుంది, మళ్లీ రుద్దుకోవచ్చు. చివరగా నట్ పైభాగాన్ని తీగ మందంలో సగం బయటకు కనిపించేంత వరకు దించి, 1000, 2000 నంబరు పేపర్లతో నునుపు చేయాలి. నట్‌ను నెక్‌కు అతికించడానికి రెండు చిన్న చుక్కల ఫెవికాల్ చాలు. ఫెవిక్విక్‌తో అతికిస్తే రేపు తీయవలసి వచ్చినప్పుడు చెక్క ఊడి వస్తుంది.

నెక్ కింద షిమ్

బ్రిడ్జి శాడిల్స్‌ను పూర్తిగా దించినా తీగలు ఇంకా ఎత్తుగానే ఉంటే, నెక్ కోణం మార్చాలి. నెక్ మడమ (బాడీలోకి దిగే చివర) కూర్చునే గూడులో, పికప్ (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) వైపు చివర సన్నని పలక పెడితే హెడ్‌స్టాక్ వెనక్కి వాలి తీగలు ఫ్రెట్‌బోర్డుకు దగ్గరవుతాయి. ఎంత మందం పెట్టాలన్నది లెక్కతో తేలుతుంది. గూడు పొడవు 75 మి.మీ., దాని ముందు అంచు నుంచి బ్రిడ్జికి దూరం సుమారు 340 మి.మీ. అనుకుంటే, షిమ్ మందానికి నాలుగున్నర రెట్ల మార్పు బ్రిడ్జి దగ్గర కనిపిస్తుంది. అంటే 0.5 మి.మీ. షిమ్ పెడితే శాడిల్స్‌ను 2 మి.మీ.కు పైగా పైకి లేపుకునే చోటు దొరుకుతుంది. చాలా గిటార్లకు 0.3 మి.మీ. సరిపోతుంది.

విజిటింగ్ కార్డు మడిచి పెట్టడం వాడుకలో ఉన్నదే గానీ, విశాఖ గాలిలోని తేమకు కార్డు ఉబ్బి మెత్తబడుతుంది. ఇత్తడి రేకు గానీ, వడ్రంగి దగ్గర దొరికే వెనీర్ (పలచని చెక్క పొర) గానీ వాడాలి. వెనీర్‌ను గూడు మొత్తానికి సరిపడా కోసి, ఒక చివర నుంచి మరో చివరకు పలచబడేట్టు ఎమెరీ పేపరుపై రుద్దితే మడమ కింద ఎక్కడా ఖాళీ మిగలదు. ఒక చివర మాత్రమే ముక్క పెడితే, మధ్యలో ఆధారం లేని నెక్ కాలక్రమంలో చివరి ఫ్రెట్ల దగ్గర పైకి లేచే ప్రమాదం ఉంది. మరలు బిగించే రంధ్రం వదులైతే, నూనె, పరిమళం లేని వెదురు అగరుబత్తి పుల్లలను ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో దూర్చి, ఒక రాత్రి ఆరాక పై భాగం కోసేసి కొత్తగా సన్న రంధ్రం తీయాలి. స్ట్రాప్ బటన్ రంధ్రానికి కూడా ఇదే మందు. గిటార్ బరువు మొత్తం దాని మీదే వేలాడుతుంది కాబట్టి అక్కడ పుల్లలు గట్టిగా పట్టేవరకు ఆగాలి.

షీల్డింగ్, వైరింగ్

హమ్మింగ్ శబ్దం బేస్‌కు ప్రత్యేకంగా శత్రువు. మన కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. నొక్కకుండా మీటిన ‘ఇ’ తీగది 41.2 హెర్ట్జ్, ‘ఎ’ తీగది 55 హెర్ట్జ్. కరెంటు హమ్ సరిగ్గా ఈ రెండు స్వరాల మధ్య పడుతుంది. యాంప్లిఫయరులో ఆ భాగాన్ని తగ్గిస్తే దానితోపాటు మన స్వరాలూ పోతాయి. అందుకే శబ్దాన్ని గిటార్‌లోనే అడ్డుకోవాలి.

షీల్డింగ్ ఏం చేయగలదో ముందే తెలుసుకుంటే నిరాశ ఉండదు. ట్యూబ్‌లైట్లు, డిమ్మర్లు, ఇంటి వైరింగ్ నుంచి వచ్చే విద్యుత్ క్షేత్రపు బరబరను అది బాగా తగ్గిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే అయస్కాంత హమ్‌ను మాత్రం రాగి రేకు ఆపలేదు. దానికి పికప్ నిర్మాణమే పరిష్కారం. 1957 నుంచి ఫెండర్ వారి ప్రెసిషన్ బేస్‌లో వస్తున్న రెండు ముక్కల పికప్ ఆ హమ్‌ను తనంతట తానే రద్దు చేస్తుంది. జాజ్ బేస్ తరహాలో రెండు సింగిల్ కాయిళ్లు (ఒకే తీగచుట్ట ఉన్న పికప్‌లు) ఒకదానికొకటి వ్యతిరేకంగా చుట్టి ఉంటే, రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిచినప్పుడు హమ్ తగ్గుతుంది.

వంటింటి అల్యూమినియం ఫాయిల్‌తో ఈ పని చేయవచ్చని చాలామంది చెబుతారు, చేయవచ్చు కూడా. అయితే అల్యూమినియానికి మామూలు టంకం అంటుకోదు, ఫెవికాల్ పొర కరెంటును పోనివ్వదు. ముక్కలను ఒకదానిలో ఒకటి మడతపెట్టి కలపాలి, ఎర్త్ వైరును మర కింద రింగుతో బిగించాలి. పైగా ఉప్పు గాలిలో అల్యూమినియం రాగితో కలిసిన చోట త్వరగా క్షీణించిపోతుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, ఎం.వి.పి. కాలనీ వంటి సముద్రానికి దగ్గరి ప్రాంతాల్లో ఉండేవారు రాగి ఫాయిల్ టేపే వాడాలని నా సలహా. గూడు అడుగు, గోడలు, పిక్‌గార్డు వెనుక భాగం కప్పి, ముక్కలు కలిసే ప్రతి చోటా ఒక టంకం చుక్క పెట్టాలి. మల్టీమీటరుతో ఏ మూల నుంచి ఏ మూలకు చూసినా 1 ఓమ్ కంటే తక్కువ చూపాలి. జాక్ కొన తగిలే లోహపు నాలుక ఫాయిల్‌ను ముట్టుకుంటే శబ్దం పూర్తిగా పోతుంది కాబట్టి, ఆ ఎదుట ఉన్న గోడకు ఇన్సులేషన్ టేపు అంటించాలి. 9 వోల్టుల బ్యాటరీ ఉన్న యాక్టివ్ గిటార్లలో బ్యాటరీ చుట్టూ కూడా అదే జాగ్రత్త అవసరం.

పాట్‌లకు 250 కె (కిలో ఓమ్‌లు) లాగ్ రకం కావాలి. అది దొరకకపోతే 220 కె లాగ్ వాడవచ్చు. 250 కె పాట్‌లలోనే 20 శాతం వరకు హెచ్చుతగ్గులు సహజం కనుక తేడా వినిపించదు. టోన్ కెపాసిటరుకు 473 అని రాసి ఉన్న పాలియెస్టర్ ముక్క తీసుకోవాలి. దాని విలువ 0.047 మైక్రోఫారడ్, ధర కొద్ది రూపాయలే. ఇంకొంచెం తక్కువ చీకటి స్వరం కావాలనుకునేవారు 223 పెట్టి చూడవచ్చు. బ్రిడ్జి కింద నుంచి వచ్చే ఎర్త్ వైరు చివరను ఒలిచి, పోగులను విసనకర్రలా పరిచి బ్రిడ్జి కింద నొక్కి బిగిస్తే టంకం అక్కర్లేదు.

ఆ ఎర్త్ వైరు ద్వారా తీగలన్నీ యాంప్లిఫయరు ఎర్త్‌కు కలుస్తాయి, వాటిని పట్టుకున్న మన చేతులూ కలుస్తాయి. కాబట్టి యాంప్లిఫయరు మూడు పిన్నుల ప్లగ్గును నిజంగా ఎర్తింగ్ ఉన్న సాకెట్‌లోనే పెట్టాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నా వెనుక వైరు లేకపోవడం సాధారణం. ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. హమ్ తగ్గుతుందని మూడో పిన్ను తీసివేయడం ప్రాణాంతకం.

నాబ్‌లు, మిగిలిన చిన్న భాగాలు

నాబ్‌ల కోసం ఎలమంచిలి దాటి ఏటికొప్పాక వెళ్లడం నాకు ఎంతో ఇష్టమైన సలహా. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి కళాకారులు అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రాపిడి వేడికి కరిగే లక్కను రంగులతో పట్టిస్తారు. బొమ్మ మూతకూ గిటార్ నాబ్‌కూ ఆకారంలో తేడా తక్కువ. పాట్ కడ్డీ కొలత పట్టుకెళ్లాలి: నున్నని కడ్డీలు కొన్ని 6 మి.మీ., అమెరికా కొలతవి 6.35 మి.మీ. ఉంటాయి. మెత్తని కర్రలో మర నిలవదు కాబట్టి, పాత రేడియో నాబ్ లోపలి ఇత్తడి గొట్టాన్ని దాని మరతో సహా తీసి అరల్డైట్‌తో కర్రలో కూర్చాలి. లక్క వేడికి మెత్తబడుతుంది గనుక వేసవిలో గిటార్‌ను మూసిన కారులో వదలకూడదు.

థంబ్ రెస్టుకు 80 మి.మీ. పొడవు, 12 మి.మీ. వెడల్పు ఉన్న టేకు తునక చాలు. అంచులు గుండ్రంగా రుద్ది, ముందు డబుల్ సైడ్ టేపుతో అంటించి వారం రోజులు వాయించి చూడాలి. చోటు నచ్చితే అలాగే ఉంచేయవచ్చు, మరలు అవసరం లేదు.

మ్యూటు కోసం హవాయి చెప్పు అడుగు భాగంలోంచి 15 మి.మీ. వెడల్పు పట్టీ కోసి బ్రిడ్జికి ముందు తీగల కింద దూర్చాలి. పాత ఫెండర్ బేస్‌ల బ్రిడ్జి మూత లోపల ఇటువంటి ఫోమే ఉండేది. నాదం త్వరగా ఆగి మద్దెల దెబ్బలా పొట్టిగా వినిపిస్తుంది. పరుపు స్పాంజి తేమను పీల్చి తీగలకు తుప్పు పట్టిస్తుంది కాబట్టి దాన్ని వాడవద్దు.

పిక్‌గార్డుకు పాతదాన్ని అట్ట మీద గీసి, ఆ అట్టను గిటార్ మీద పెట్టి సరిచూసిన తరువాతే నేమ్‌బోర్డు షాపులో 2.5 లేదా 3 మి.మీ. యాక్రిలిక్‌ను లేజర్‌తో కోయించాలి. మర రంధ్రాలు మర మందం కంటే అర మిల్లీమీటరు పెద్దవిగా ఉంచితే, వేడికి షీటు సాగినా పగలదు. మరలు ఎక్కడైనా మార్చవలసి వస్తే స్టెయిన్‌లెస్ తీసుకోవాలి. 304 కంటే 316 రకం ఉప్పు గాలిని ఎక్కువగా తట్టుకుంటుంది.

తిరిగి బిగించడం

ఒకేసారి అన్ని భాగాలూ మార్చకూడదు. ఒక భాగం మార్చి, బిగించి, రెండు మూడు రోజులు వాయించి, తరువాతే మరొకటి చేపట్టాలి. లేకపోతే ఏ మార్పు వల్ల ఏ శబ్దం వచ్చిందో తేల్చడం కష్టం. తీగలు బిగించాక ముందు నెక్ వంపు, తరువాత శాడిల్స్ ఎత్తు, ఆ తరువాత ఇంటొనేషన్ (నెక్ మీద పై చోట్ల నొక్కినా శ్రుతి సరిగా ఉందా అన్నది) చూడాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరం, అదే చోట తాకి పలికించిన హార్మోనిక్ ట్యూనరులో ఒకటిగా ఉండాలి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకు జరపాలి. నట్ గాడుల్లో పెన్సిల్ ముక్కు పొడి కొద్దిగా రాస్తే తీగ సాఫీగా జారుతుంది. వానాకాలం మొదట్లో, మళ్లీ చలికాలం మొదట్లో తేమ మారినప్పుడు నెక్ వంపును, షిమ్ ఉన్న నాలుగు మరల బిగువును పుస్తకంలో రాసుకున్న కొలతలతో పోల్చి చూసుకోవాలి.